నట్ బటర్ ఎంచుకోవడం: ఆరోగ్యం సరే, తినబుద్ధి కూడా కావాలి కదా

విజయనగరం కంటోన్మెంట్ నుంచి అడిగిన అమ్మకి ఈ జవాబు. మిగతావాళ్లకి తెలియాలి కాబట్టి మీ ప్రశ్న నా మాటల్లో మళ్లీ రాస్తున్నాను. మీవారు జిమ్‌లో చెప్పారని, వేయించిన వేరుశనగ నూరి చేసే పీనట్ బటర్ పెద్ద డబ్బా తెచ్చారు. చక్కెర లేని రకం. కొద్ది రోజులు తిని, రుచీ పచీ లేదు, గొంతుకి అంటుకుపోతోంది అని పక్కన పెట్టేశారు. ఏడేళ్ల బాబు చాక్లెట్ స్ప్రెడ్ తప్ప ఇంకోటి ముట్టడు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఆవిడకి ఎవరో బాదం బటర్ పెట్టమన్నారు, ధర చూసి మీరు వెనక్కి వచ్చేశారు. పలాస జీడిపప్పు ఇంత దగ్గర్లో ఉండగా దాంతో ఇంట్లో చేసుకోకూడదా, అసలు వీటన్నిటిలో ఏది ఆరోగ్యం, ఏది తింటాం అని అడిగారు.

నేను శ్రీకాకుళంలో పోషకాహార సలహాలు ఇచ్చే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మా పుట్టింటివాళ్లది పలాస దగ్గర జీడి పరిశ్రమ. అందుకే ఈ ప్రశ్న చూడగానే కాస్త తీరిగ్గా రాయాలనిపించింది.

ముందు అసలు మాట చెప్పేస్తాను. వేరుశనగ, జీడిపప్పు, బాదం, నువ్వులు, ఇందులో దేని పేస్టుని (నట్ బటర్ అంటే అదే) ఎంచుకున్నా ఆరోగ్యంలో వచ్చే తేడా ప్రకటనలు చెప్పేంత పెద్దది కాదు. గింజతో పాటు డబ్బాలో ఇంకేం కలిపారు, గింజని ఎలా వేయించారు, రోజుకి ఎంత తింటున్నారు అన్న మూడింటిని బట్టే మంచీ చెడూ ఉంటుంది. ఈ మూడూ సరిగ్గా ఉంటే మీ నాలుక దేనికి ఒప్పుకుంటే అదే మీకు మంచి నట్ బటర్. ఆరోగ్యమని తెచ్చి బీరువాలో పెట్టిన డబ్బా వల్ల ఎవరికీ లాభం లేదు.

లెక్కలు చూడండి. వంద గ్రాముల వేరుశనగ పేస్టులో సుమారు 590 నుంచి 600 కేలరీలు, 22 నుంచి 25 గ్రాముల ప్రొటీను, 50 గ్రాముల కొవ్వు ఉంటాయి. బాదం పేస్టులో 610 చుట్టూ కేలరీలు, 21 గ్రాముల ప్రొటీను. జీడిపప్పు పేస్టులోనూ కేలరీలు దాదాపు అంతే, ప్రొటీను మాత్రం కాస్త తక్కువ, పిండిపదార్థం కాస్త ఎక్కువ. నువ్వుల పేస్టు 595 కేలరీలు, 17 గ్రాముల ప్రొటీను. బాదంలో విటమిన్ ఇ, పీచు ఎక్కువ. నువ్వుల్లో కాల్షియం ఎక్కువ. వేరుశనగలో ప్రొటీను ఎక్కువ, ధర తక్కువ. నాలుగింటిలోనూ కొవ్వులో ఎక్కువ భాగం గుండెకి మంచిదైన అసంతృప్త కొవ్వే. ఒక చెంచా, రెండు చెంచాలు తినేవాళ్లకి ఈ తేడాలు చాలా చిన్నవి. కాబట్టి బాదం కొనలేకపోతున్నామని బెంగ పెట్టుకోకండి.

ఇక డబ్బా కొనేటప్పుడు ముందువైపు రాసిన పెద్ద అక్షరాలు వదిలేసి, వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదవండి. మన దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం ఏది బరువులో ఎక్కువుంటే దాని పేరు ముందు రాయాలి. వేయించిన వేరుశనగ, ఉప్పు, ఈ రెండే ఉన్నది మొదటి తరగతి. మూడో పేరుగా చక్కెర, బెల్లం, తేనె, గ్లూకోజ్ సిరప్ లాంటివి కనబడితే పోషకాల పట్టికలో యాడెడ్ షుగర్ అన్న వరుస చూడండి. వంద గ్రాములకి ఎన్ని గ్రాములు కలిపారో అక్కడ ఉంటుంది. బెల్లం వేశామని ముందువైపు గొప్పగా రాసినా శరీరం దాన్ని చక్కెరగానే లెక్కేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు ఈ విషయంలో మోసపోవడం నేను తరచూ చూస్తుంటాను.

తర్వాత నూనె సంగతి. మూత తీయగానే పైన నూనె తేలి ఉంటే పాడైపోయిందని చాలామంది తిరిగి ఇచ్చేస్తారు. అది సహజం. గింజలోని నూనే పైకి వచ్చింది. తేలకుండా ఉండాలంటే గది వేడికి గడ్డకట్టి ఉండే కొవ్వు ఏదో ఒకటి కలపాలి. 1920లలో అమెరికాలో హైడ్రోజనేషన్ చేసిన, అంటే గడ్డకట్టేలా మార్చిన నూనె వాడి ఈ పద్ధతి తెచ్చారు. ఇప్పుడు కొన్ని డబ్బాల్లో హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఆయిల్ అనో, పామాయిల్ అనో, 471 నంబరు ఎమల్సిఫయర్ (నూనె విడిపోకుండా పట్టి ఉంచే పదార్థం) అనో కనిపించేది అందుకే. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ (నూనెని ఇలా గడ్డకట్టించేటప్పుడు పుట్టే, గుండెకి చేటు చేసే కొవ్వు) 2 శాతం మించకూడదన్న నిబంధన ఉంది కాబట్టి ఒకప్పటంత భయం లేదు. అయినా నూనె గింజకే బయటి నుంచి నూనె కొనుక్కోవడం ఎందుకు? చెంచాతో అడుగుదాకా కలుపుకుంటే సరిపోతుంది. కొన్న మొదటి రాత్రి డబ్బా బాగా బిగించి తలకిందులుగా పెడితే కలపడం ఇంకా తేలిక.

అమెరికాలో పీనట్ బటర్ అన్న పేరు పెట్టాలంటే కనీసం 90 శాతం వేరుశనగ ఉండి తీరాలి. ఈ కొలత మీరూ మనసులో పెట్టుకోండి. వేరుశనగ 90 శాతం కన్నా తక్కువ అని రాసి ఉంటే ఆ డబ్బాని తీపి పదార్థంగా చూడండి. లో ఫ్యాట్ అని రాసినవి అసలు వద్దు. కొవ్వు తీసేసిన చోట పిండిపదార్థమో చక్కెరో చేరుతుంది, కేలరీలు పెద్దగా తగ్గవు, గింజలోని మంచి మాత్రం తగ్గుతుంది.

మీవారు తెచ్చినది చక్కెర లేని రకమే. మరి ఎందుకు రుచించలేదు? ఇక్కడే కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే నట్ బటర్ వదిలేసేవాళ్లలో ఎక్కువమంది ఈ కారణాలతోనే వదిలేస్తారు.

మొదటిది వేయింపు. పచ్చి గింజకి రుచి తక్కువ. వేడి తగిలినప్పుడు గింజలోని ప్రొటీనుకీ చక్కెరలకీ మధ్య జరిగే మార్పు వల్లే ఆ కమ్మటి వాసన పుడుతుంది. తక్కువ వేగితే పచ్చి వాసన, నోట్లో పసరుగా ఉంటుంది. ఎక్కువ వేగితే చేదు. మనవాళ్లం చిన్నప్పటి నుంచి మూకుట్లో బాగా వేగిన గుళ్లు తిన్నవాళ్లం, మన నాలుకకి కొంచెం ముదురు వేయింపు కావాలి. కొన్ని కంపెనీలు లేతగా వేయించి అమ్ముతాయి. అది మనకి చప్పగా తోస్తుంది.

రెండోది ఉప్పు. చక్కెర లేదంటే ఉప్పు కూడా లేనిది తెచ్చారేమో చూడండి. నట్ బటర్‌లో ఉప్పు మామూలుగా ఒక శాతం చుట్టూ ఉంటుంది. ఒక చెంచాలో అది గ్రాములో ఆరో వంతు కూడా ఉండదు. రోజుకి 5 గ్రాములు దాటకూడదన్న పరిమితిలో అదెంత? బీపీ ఉన్నవాళ్లు ఆవకాయ ముక్క ఒకటి తగ్గించుకుంటే దీనికి చోటు దొరుకుతుంది. చప్పటి డబ్బాలో మీరే చిటికెడు మెత్తటి ఉప్పు కలిపి, ఒక రాత్రి ఆగి, మళ్లీ రుచి చూడమనండి. చాలా ఇళ్లలో సమస్య అక్కడితోనే తీరిపోయింది.

మూడోది నిలవ. గింజ నూనెకి గాలీ వేడీ తగిలితే మక్కు వాసన వస్తుంది. పెయింట్ డబ్బా వాసనలా, పాత నూనె వాసనలా ముక్కుకి తగిలితే తినకుండా పారేయండి. పెద్ద డబ్బా చవకని కొని నెలల తరబడి తినడం వల్ల చివర్లో ఈ వాసన వస్తుంది. మొదటిసారి ఎప్పుడూ దొరికినంత చిన్న డబ్బానే కొనండి, తయారైన తేదీ చూసి.

నాలుగోది గొంతుకి అంటుకోవడం. ఇందులో నీటి తడి దాదాపు ఉండదు, నోట్లోని తడిని అదే పీల్చుకుంటుంది. ఉత్తది చెంచాతో తింటే ఎవరికైనా అంటుకుంటుంది. తడి ఉన్న పదార్థంతో తినాలి. అరటిపండు మీద, వేడి చోడి (రాగి) అట్టు మీద, ఇడ్లీతో. లేదా తినే గిన్నెలోకి తీసుకున్నాక రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు వేసి గిలకొట్టండి. మొదట గట్టిపడుతుంది, కంగారు పడకండి, ఇంకొంచెం నీళ్లు పడగానే మెత్తటి క్రీములా విడుతుంది. డబ్బాలో మాత్రం నీళ్లు పోయకండి, బూజు వచ్చేస్తుంది.

మళ్లీ డబ్బా కొనే ముందు ఇంట్లో ఒకసారి చేసి చూడమంటాను. మీకు గంటస్తంభం దగ్గర ఏ కిరాణా కొట్లో అయినా మంచి గుళ్లు దొరుకుతాయి. పావుకిలో కన్నా తక్కువ తీసుకుంటే మిక్సీ బ్లేడుకి అందవు, కాబట్టి పావుకిలో నుంచి అరకిలో మధ్య పెట్టుకోండి. చాటలో పోసి ఏరడం ముఖ్యం. ముడతలు పడినవి, రంగు మారినవి, నల్లమచ్చ ఉన్నవి, బూజు వాసన వేసేవి నిర్దాక్షిణ్యంగా తీసేయండి. వేరుశనగకి పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. అది కాలేయానికి చేటు, వేయించినా పూర్తిగా పోదు. మన వైపు ఖరీఫ్ పంట తీసే రోజులూ అక్టోబరు తుపాన్లూ ఒకేసారి వస్తాయి. కళ్లంలో తడిసి సరిగ్గా ఎండని కాయ ఈ బూజుకి బాగా లోబడుతుంది. ధర తక్కువని ముక్కిపోయిన గుళ్లు కొని పేస్ట్ చేసుకోవడం కన్నా అసలు తినకపోవడం మేలు. పేస్టులో గింజ కనిపించదు కాబట్టి, నమ్మకమైన చోట కొనడం గుళ్లకన్నా పేస్టుకే ఎక్కువ అవసరం.

ఏరాక ఇనప మూకుట్లో సన్నని సెగ మీద, చేయి ఆపకుండా, పావుగంట దాకా వేయించండి. పొట్టు చిట్లి, గింజని రెండుగా విరిస్తే లోపల కూడా లేత గోధుమ రంగు కనిపించాలి. బయట రంగు వచ్చి లోపల తెల్లగా ఉంటే సెగ ఎక్కువైందని అర్థం. దించాక కూడా మూకుడు వేడికి వేగుతూనే ఉంటాయి, వెంటనే పళ్లెంలోకి మార్చండి. చేత్తో నలిపి చెరిగి పొట్టు తీసేయండి. కొంచెం పొట్టు మిగిలినా నష్టం లేదు, పీచు, కాస్త వగరు వస్తాయి.

గింజలు గోరువెచ్చగా ఉండగానే మిక్సీలో వేయాలి. మొదట పొడి అవుతుంది. తర్వాత మిక్సీ జార్ గోడలకి ముద్దలా అంటుకుంటుంది. ఇక్కడే చాలామంది అయిపోయిందనుకుని ఆపేస్తారు, లేదా నీళ్లు పోసేస్తారు. ఆపి, గోకి, మళ్లీ తిప్పండి. నిమిషం తిప్పి, మోటారు చల్లబడేదాకా ఆగి, మళ్లీ తిప్పండి. కొంతసేపటికి గింజలోని నూనె ఒక్కసారిగా విడిపోయి ముద్ద జారుగా మారుతుంది. అప్పుడు ఉప్పు వేయండి, పావుకిలోకి అర టీ చెంచాకి కొంచెం తక్కువ. మిక్సీ బలం తక్కువైతే ఒక చెంచా గానుగ వేరుశనగ నూనె వేయొచ్చు. పలుకులు ఇష్టమైతే గుప్పెడు గుళ్లు బరకగా కొట్టి చివర్లో కలపండి. మీవారికి అంటుకునే సమస్య ఉందన్నారు కదా, పలుకులున్నది నమలాల్సి వస్తుంది కాబట్టి అంత అంటుకోదు.

వేయింపు విషయంలో ఒక చిన్న పరీక్ష చెప్తాను. గుళ్లని మూడు భాగాలు చేసి ఒకటి లేతగా, ఒకటి మధ్యస్తంగా, ఒకటి ముదురుగా వేయించి, పేస్ట్ చేసే ముందు ఆ గుళ్లనే మీ ఇంట్లోవాళ్లందరికీ చెరి నాలుగు పెట్టండి. ఎవరికి ఏది నచ్చిందో అడగండి. గింజగా నచ్చిన వేయింపే పేస్టుగా కూడా నచ్చుతుంది. డబ్బాలు మార్చి మార్చి కొనే ఖర్చు తప్పుతుంది.

తీపి కావాలంటే పేస్ట్ చేసేటప్పుడు బెల్లం, తేనె వేయకండి. వాటిలోని కొద్ది తడికే పేస్ట్ బిరుసెక్కి ముద్దకట్టేస్తుంది, నిలవ కూడా ఉండదు. తినేటప్పుడు పైన చల్లుకోండి. అలా అయితే ఎంత తీపి తింటున్నామో కంటికి కనిపిస్తుంది కూడా.

ఇప్పుడు జీడిపప్పు సంగతి. పలాసలో జీడి పిక్కలు ఆవిరి పెట్టి, పగలగొట్టి, ఆరబెట్టి, పొట్టు తీసి, గ్రేడ్లు చేస్తారు. 180, 210, 240, 320 అని మీరు వినే నంబర్లు, ఒక పౌను బరువుకి సుమారు ఎన్ని గుండ్లు తూగుతాయో చెబుతాయి. నంబరు తక్కువైతే గింజ పెద్దది, ధర ఎక్కువ. అంటే ఆ ధర అంతా ఆకారానికి, పగలకుండా ఉన్నందుకు. బద్దకైనా ముక్కకైనా రుచి, పోషకాలు గుండువే. పేస్ట్ చేయడానికి గుండు కొనడం డబ్బు దండగ. పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గ వైపు వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే ముక్క తెప్పించుకోండి. కొనేటప్పుడు ఒకటి నమిలి చూడండి, తియ్యగా, పాలు కారుతున్నట్టు ఉండాలి, చివర్లో నాలుక మీద చేదు గానీ మక్కు గానీ తగలకూడదు.

ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. తోట నుంచి తెచ్చిన పచ్చి జీడి పిక్కల్ని ఇంట్లో కాల్చి పగలగొట్టే సాహసం చేయకండి. పెంకులోని జీడి రసం చేతుల మీద, ముఖం మీద పడితే పుండ్లు పడతాయి, కాల్చే పొగ కూడా ప్రమాదమే. మా వైపు పెంకులు కొట్టే ఆడవాళ్ల చేతులు చూసినవాళ్లకి ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస చుట్టుపక్కల ఉన్న ఉద్దానం ప్రాంతపు జీడి తోటల్ని నేలమట్టం చేశాక ఆ కుటుంబాలు ఎంత దెబ్బతిన్నాయో దగ్గర్నుంచి చూశాను. కాబట్టి దూరం నుంచి వచ్చే బాదం డబ్బాకి పెట్టే డబ్బు ఇక్కడి జీడి ముక్కకి పెడితే నాకు సంతోషమే. అది నా ఇష్టం, దాన్ని పోషకాహార సలహాగా తీసుకోకండి.

జీడిపప్పు పేస్ట్ సహజంగానే తియ్యగా, నున్నగా ఉంటుంది. కానీ పీచు తక్కువ, కడుపు నిండినట్టు త్వరగా అనిపించదు, చెంచా మీద చెంచా వెళ్లిపోతుంది. అందుకని నేను ఎక్కువగా చెప్పేది కలగలుపు. మూడు వంతులు వేరుశనగ, ఒక వంతు జీడిపప్పు. వేరుశనగ ఘాటు తగ్గుతుంది, తీపి వేయకుండానే తియ్యదనం వస్తుంది, ఖర్చూ అందుబాటులో ఉంటుంది. జీడిపప్పుని వేరుగా, చాలా లేతగా వేయించండి, అది చూస్తుండగానే మాడిపోతుంది.

మీ బాబుకి ఈ కలగలుపుతోనే మొదలుపెట్టండి. చాక్లెట్ స్ప్రెడ్లు చాలావాటిలో జాబితాలో మొదటి పేరు చక్కెర, రెండోది నూనె. దాన్ని ఒక్కసారిగా ఆపేస్తే వాడు పేచీ పెడతాడు, మీరూ రెండు రోజుల్లో ఓడిపోతారు. రెండొందల గ్రాముల పేస్టులో రెండు చెంచాల తియ్యదనం లేని కోకో పొడి, నాలుగైదు చెంచాల ఎండు ఖర్జూరం పొడి వేసి మిక్సీలో తిప్పండి. రెండూ పొడివే కాబట్టి పేస్ట్ బిరుసెక్కదు. మొదట ఇది సగం, వాడికి అలవాటైన స్ప్రెడ్ సగం కలిపి పెట్టండి. మెల్లగా రెండోది తగ్గించుకుంటూ పోండి. ఖర్జూరంలోనూ చక్కెర ఉంది, అయినా ఎంత వేశారో మీ చేతిలో ఉంటుంది. టిఫిన్ బాక్సులో పెట్టే ముందు వాళ్ల స్కూల్లో వేరుశనగ పడని పిల్లలెవరైనా ఉన్నారేమో ఒక మాట అడగండి. ఇంట్లో ఎవరికైనా వేరుశనగ గానీ జీడిపప్పు గానీ తిన్నాక దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వచ్చి ఉంటే ఈ ప్రయోగాలన్నీ డాక్టరుని అడిగాకే.

అత్తగారి మోకాళ్ల గురించి. మోకాళ్ల అరుగుదల నొప్పిని బాదం బటర్ గానీ ఇంకే బటర్ గానీ తగ్గించదు. ఆ ఆశతో ఖరీదైన డబ్బా కొనొద్దు. ఎముకలకి కాల్షియం కావాలంటే మన నువ్వులు బాదం కన్నా చాలా ముందుంటాయి. పొట్టు తీయని నువ్వుల్లో వంద గ్రాములకి వెయ్యి మిల్లీగ్రాముల చుట్టూ, కొన్ని రకాల్లో అంతకన్నా ఎక్కువ కాల్షియం ఉంటుంది. బాదంలో అందులో సుమారు నాలుగో వంతే. పొట్టు తీసిన తెల్ల నువ్వుల్లో మాత్రం ఇది బాగా పడిపోతుంది, ఎందుకంటే కాల్షియం ఎక్కువగా పొట్టులోనే ఉంటుంది. ఆ పొట్టులోనే ఉండే ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పూర్తిగా పట్టనివ్వవు అన్నది కూడా నిజమే. అందుకే పాలూ పెరుగూ మాని నువ్వుల మీదే ఆధారపడమని చెప్పను, వాటికి తోడుగా తినమంటాను.

విజయనగరం, శ్రీకాకుళం మెట్ట చేలల్లో నువ్వులు పండించడం తరతరాల సంగతి. అత్తగారికి నువ్వుల చిమ్మిలి తెలియకుండా ఉండదు. నువ్వుల పేస్ట్ కూడా ఆ చిమ్మిలికి దగ్గరిదే, కాకపోతే బెల్లం లేకుండా, ఇంకా మెత్తగా. చేదు రాకుండా ఉండాలంటే నువ్వులు చిటపటమనడం మొదలవగానే దించేయాలి. మిక్సీలో నువ్వులు ఒక పట్టాన పేస్ట్ కావు, రెండు మూడు చెంచాల గానుగ నువ్వుల నూనె పడుతుంది. ఒట్టిగా తినడానికి వగరుగా ఉంటుంది. పెరుగులో కలిపి జీలకర్ర, ఉప్పు వేసి అన్నంలోకి పెట్టండి, లేదా చోడి అంబలిలో ఒక చెంచా కలిపి ఇవ్వండి. పెద్దవాళ్లకి చిక్కటి పేస్ట్ ముద్దగా ఇవ్వకండి, గొంతులో అడ్డం పడొచ్చు. ఏడాది లోపు పిల్లలకైతే మరీ జాగ్రత్త, పల్చగా కలిపితేనే.

బాదం పేస్టుకి నేను వ్యతిరేకిని కాదు. కొనగలిగితే, రుచి నచ్చితే తినండి. వాల్‌నట్ కూడా అంతే, అందులో ఒమేగా 3 కొవ్వు బాగా ఉంది గానీ పేస్టుగా చేస్తే కొంచెం చేదు, త్వరగా మక్కిపోతుంది. దాన్ని గింజగానే తినడం నయం.

మీవారి జిమ్ సంగతికి వస్తే, పీనట్ బటర్‌ని ప్రొటీను కోసం తినడం సరైన లెక్క కాదు. రెండు చెంచాల్లో, అంటే సుమారు 32 గ్రాముల్లో, 7 లేదా 8 గ్రాముల ప్రొటీను వస్తుంది, దాంతో పాటు 190 కేలరీలు. ఒక కోడిగుడ్డు 70 కేలరీలకే 6 గ్రాములు ఇస్తుంది. బరువు పెరగాలనుకునే బక్కపల్చటి కుర్రాడికి పీనట్ బటర్ గొప్ప సాయం. పొట్ట తగ్గాలని జిమ్‌కి వెళ్లేవారికి రోజుకి ఒక చెంచా చాలు, ప్రొటీను పప్పు, గుడ్లు, చేపలు, పెరుగు నుంచి రావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రెండు వేల కేలరీల పళ్లేనికి గింజలు, నూనె గింజలు కలిపి 35 గ్రాములు సూచించింది. కొబ్బరి పచ్చడి, నువ్వుల పొడి, తాలింపులో గుళ్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయని మరచిపోకండి. చెంచా అంటే గోపురంలా కాకుండా అంచుకి సమానంగా.

చెంచాతో ఉత్తది తినడం విసుగైతే వంటలోకి తీసుకోండి. మా ఇంట్లో ఎక్కువ ఖర్చయ్యేది ఇలాగే. రెండు చెంచాల పేస్టులో కాస్త చింతపండు పులుసు, ఉప్పు, నీళ్లు కలిపి, ఎండుమిరపకాయ, ఆవాలు, కరివేపాకు పోపు పెడితే ఇడ్లీలోకి పచ్చడి రెండు నిమిషాల్లో తయారు. గుత్తివంకాయ మసాలాలోకి గుళ్లు నూరే పని తప్పుతుంది. చోడి అట్టు మీద పల్చగా రాసి పైన ఉల్లిపాయ, కారం చల్లితే మీవారు ఇక గొంతుకి అంటుకుంటోందని అనరు. ప్రస్తుతం ఇంట్లో పడి ఉన్న ఆ పెద్ద డబ్బాని, మక్కు వాసన లేకపోతే, ఇలా ఖాళీ చేసేయండి.

నిలవ గురించి ఒక్క మాట. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ. ఇంట్లో చేసినది తడి లేని గాజు సీసాలో, పొడి చెంచాతో తీసుకుంటూ, నెల లోపు వాడేయండి. ఎండాకాలంలో ఫ్రిజ్‌లో పెట్టండి.

చివరగా, ఇది మీకే కాదు మన జిల్లాల వాళ్లందరికీ చెప్పాల్సిన విషయం. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి పైన చెప్పినదంతా వర్తించదు. గింజల పేస్టుల్లో పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువ, ప్రొటీను కూడా ఉంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు చాలామందికి ఉంది కాబట్టి, కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు బంధువులున్నవాళ్లు పండక్కి సీసాలు చేసి పంపే ముందు వాళ్ల రిపోర్టులు ఎలా ఉన్నాయో కనుక్కోండి. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే కొలత) పెరిగి ఉంటే వాళ్ల డాక్టరు చెప్పిన కొలతే కొలత. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లకి బాదం, జీడిపప్పు, నువ్వుల్లోని ఆక్సలేట్లు ఇబ్బంది పెట్టొచ్చు. మీ అత్తగారు మోకాళ్ల నొప్పులకి చాలాకాలంగా నొప్పి మాత్రలు వాడుతుంటే, అవి కిడ్నీల మీద ప్రభావం చూపగలవు కాబట్టి, ఒకసారి క్రియాటినిన్ పరీక్ష చేయించండి. ఆ రిపోర్టు వచ్చాక ఇక్కడ రాయండి, ఆవిడకి నువ్వులు ఎంత పెట్టొచ్చో అప్పుడు చూద్దాం.